కొండమీదికి పాలవ్యాను

మార్చి 4

అన్నయ్యకి,

నేను ఫోను ఎత్తడం లేదని వదిన దగ్గర గోల పెట్టావట. ఎత్తను. ఫోనులో నువ్వు ఎదుటి మనిషిని నోరు తెరవనివ్వవు. ఇన్నేళ్ళు లేత్ మిషన్ పక్కన నిలబడి నీ చెవులు పోయాయి, నీ కేకలు విని విని మా చెవులు పోయాయి. ఉత్తరమైతే నా మాటకి అడ్డం రాలేవు. చించి పారెయ్యొచ్చు. కానీ చదివాకే చించుతావు, నీ సంగతి నాకు తెలుసు.

నీ నలభై ఒకటో నంబరు అల్లుడికి రాసిచ్చేశావట! నిన్న వదిన ఏదో కబుర్ల మధ్యలో, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పింది. ఆసుపత్రి లాండ్రీలో ఉన్నాను అప్పుడు, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని దుప్పట్లు ఇస్త్రీ రోలర్లోకి అందిస్తున్నాను. చేతిలోది వంకరగా వెళ్ళి ముద్దయి కూర్చుంది. మిషన్ ఆపాల్సి వచ్చింది. సూపర్‌వైజరు నావైపు చూసిన చూపు పంపే వీలుంటే ఈ కవర్లోనే పెట్టి పంపేదాన్ని.

రూలు నాకు తెలియదనుకున్నావా? కొండ పరుగు పదేళ్ళు పూర్తిచేసినవాళ్ళకి ఆ నంబరు జన్మంతా వాళ్ళదే. పరిగెత్తలేని రోజొస్తే ఇంట్లోవాళ్ళలో ఒకరికి, ఒకే ఒక్కసారి, ఇవ్వొచ్చు. నీకు మోకాలి ఆపరేషనైన రోజున ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చున్నది నేను. "ఇంక నా నంబరు ఎవరు మోస్తారే" అని ఏడ్చావు. మత్తులో ఉన్నావు, గుర్తుండదులే. నేను మత్తులో లేను, నాకు గుర్తుంది. ఆ రోజే అనుకున్నాను, నేను మోస్తానని. నోరు తెరిచి అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాను, అంతే.

ఇప్పుడు ఆ నంబరు నిద్రపొమ్మని చేతి గడియారం చెబితే తప్ప నిద్రపోని మనిషి గుండెల మీద ఊగుతుందా? మన పిల్ల మొగుడని ఊరుకుంటున్నాను. మంచివాడే, కాదనను. కానీ అతను కొండని కిటికీలోంచి తప్ప చూశాడా?

ఎందుకిలా చేశావో రాయి. వంకరటింకరగా కాదు, సూటిగా రాయి.

మీ బావ క్షేమం. నేను క్షేమంగా లేను, కోపంగా ఉన్నాను.

చెల్లెలు


మార్చి 11

చెల్లాయికి,

ఉత్తరం చేరింది. చించలేదు. మీ వదిన చదివి నవ్వింది, అందుకని ఇప్పుడు ఇంట్లో ఆవిడతో కూడా నాకు మాటల్లేవు.

సూటిగా రాయమన్నావు, రాస్తున్నాను. అల్లుడు అడిగాడు, ఇచ్చాను. అడగనివాళ్ళకి ఇవ్వడానికి నేనేమన్నా మనసులు చదివే మనిషినా? అతను బూట్లు కొన్నాడు, గడియారం కొన్నాడు, తల మీద దీపం పెట్టుకునే పట్టీ కూడా కొన్నాడు. అంత ఉత్సాహపడుతుంటే కాదని ఎలా అంటాను? పైగా కూతురి మొగుడు.

అయినా నీకెందుకే ఇంత పౌరుషం? నువ్వెప్పుడు పరిగెత్తావు? నువ్వు నీళ్ళిచ్చేదానివి. బాగా ఇచ్చేదానివి, ఒక్క ఏడు కూడా తప్పలేదు, ఆ మాట నలుగురిలోనూ చెబుతాను. క్వారీ దగ్గర నేను మలుపు తిరిగేసరికి సీసా పట్టుకుని నిలబడి ఉండేదానివి. పైన రేడియో టవరు దగ్గరా ఉండేదానివి. మళ్ళీ కిందికొచ్చేసరికి మైదానంలో తువ్వాలు పట్టుకుని నువ్వే. "భుజాలు దించు, భుజాలు దించు" అని అరుపొకటి. కానీ పాలవ్యానులో ఎక్కి వచ్చి నీళ్ళివ్వడం వేరు, ఆ కొండ చుట్టూ కాళ్ళతో తిరగడం వేరు. నీకు యాభై దగ్గరపడుతోంది. పొద్దస్తమానం మిషన్ల ముందు నిలబడే ఉద్యోగం. ఏదన్నా అయితే బావకి నేనేం జవాబు చెప్పాలి?

కోపం తగ్గించుకో. మే నెలలో రా, ఎప్పటిలా నీళ్ళిద్దువుగాని. అల్లుడికి కూడా ఎవరో ఒకరు ఇవ్వాలిగా.

నీ అన్నయ్య


మార్చి 17

అన్నయ్యకి,

పాలవ్యానా?

ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ బావ చేత కూడా చదివించాను, నా కళ్ళకేమన్నా అయిందేమోనని. ఆయన "పాలవ్యాను అనే రాశాడు" అన్నారు. అని నా మొహం చూసి సైకిలు తుడిచే పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయారు.

పరుగు రోజున కొండ రోడ్డు మీద బండి కనిపిస్తే కమిటీవాళ్ళు చక్రాల్లో గాలి తీసేస్తారు. అది నాకన్నా నీకే బాగా తెలియాలి, ఆ రోడ్డు మీద పరిగెత్తినవాడివి నువ్వు! ఒక్క ఏడన్నా ఒక్క బండి నిన్ను దాటి వెళ్ళిందా? పాలవ్యాను మైదానంలో డబ్బాలు దించి వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. టవరు దగ్గరికైతే రోడ్డే లేదు, కాలిబాట. ఆ వ్యానుకేమన్నా రెక్కలున్నాయనుకున్నావా?

నేను ఎలా వచ్చేదాన్నో చెబుతాను, విను. మైదానంలో నీ చేతికి టోపీ ఇచ్చి, నీ స్వెట్టరు నడుముకి కట్టుకునేదాన్ని. తుపాకి పేలగానే మీరందరూ సరస్సు వైపు రోడ్డు పట్టుకునేవాళ్ళు. నేను మీ ఊరి ఆసుపత్రి గోడ వెనకనుంచి వాగులోకి దిగేదాన్ని. మీరు కొండని చుట్టి వస్తే నేను కొండకి నిటారుగా ఎక్కేదాన్ని. వీపు మీద సంచి, సంచిలో నాలుగు సీసాలు. వసంతంలో ఆ వాగు ఎలా ఉంటుందో నువ్వు ఎరగవు. మోకాలి దాకా నీళ్ళు, నీళ్ళ కింద నాచు పట్టిన రాళ్ళు, నీళ్ళు లేనిచోట ముళ్ళపొదలు. నా పిక్క మీద మచ్చ ఏమిటని వదిన అడిగితే లాండ్రీ బండి గీసుకుందన్నాను. క్వారీకి నీకన్నా ముందు చేరాలి. చేరాక ఎగశ్వాస తగ్గించుకుని, ఏమీ జరగనట్టు సీసా పట్టుకుని నిలబడాలి. నువ్వు తాగి రోడ్డు పట్టుకోగానే మళ్ళీ వాగులో పడి టవరు దాకా. అక్కడినుంచి కిందికి.

ఒక్క ఏడన్నా ఆలస్యమయ్యానా? ఎందుకు కాలేదో తెలుసా? ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, ఏటా చలి తగ్గగానే నువ్వు రోడ్డు మీద సాధన చేస్తుంటే నేను వాగులో సాధన చేసేదాన్ని. డ్యూటీకి ముందు రోజూ వెళ్ళేదాన్ని. నీకు దాహమయ్యే చోట నేను లేకపోతే నువ్వు ఆగిపోతావని భయం.

నీ పది పరుగుల పక్కన నావి కూడా పది ఉన్నాయి. వాటికి నంబరు లేదు, అంతే తేడా. కడుపు మండిపోతోంది, ఇంక రాయలేను.

చెల్లెలు


మార్చి 29

చెల్లాయికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం. కూర్చుంటే మోకాలు పట్టేస్తోంది.

చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? పదేళ్ళు నోరు మూసుకుని, ఇప్పుడు ఒకేసారి నెత్తిన బండరాయి పడేస్తావా? నువ్వెప్పుడూ చెమటలు కక్కుతూ కనిపించేదానివి. నిజమే. ఆ వ్యానులో గాలి ఆడదేమో అనుకున్నాను. నవ్వు, ఫరవాలేదు. పరుగులో ఉన్నవాడికి ముందున్న పది అడుగులు తప్ప ఇంకేం కనబడవు. నీళ్ళు కనబడితే తాగుతాడు. సీసా పట్టుకున్న చెయ్యి ఎలా వచ్చిందని ఆరా తియ్యడు.

ఇంకో మాట. చెబితే మళ్ళీ ఒంటికాలి మీద లేస్తావు, అయినా చెప్పాలి. అడ్డదారిన ఎక్కడాన్ని కొండ పరుగు అనరు. కమిటీ దారి వేరు. సరస్సు చుట్టూ చదును ఉంది, ఎండ ఉంది, క్వారీ దాటాక తెగని మలుపులున్నాయి. దూరం దూరమే. నువ్వు ఎక్కింది ఏటవాలు కావచ్చు, కష్టం కావచ్చు. కానీ సగం కూడా ఉండదు. చెప్పుల షాపాయన్ని అడుగు, కమిటీ కార్యదర్శి ఆయనే కదా. ఆయనా ఇదే అంటాడు.

నంబరు అల్లుడి పేరు మీద ఎక్కిపోయింది. ఇప్పుడు మార్చడానికి లేదు.

మీ వదిన నాకు భోజనం పెడుతోంది కానీ వడ్డించేటప్పుడు గిన్నె చప్పుడు ఎక్కువగా ఉంటోంది. నువ్వు ఆవిడకేమన్నా విడిగా రాశావా?

నీ అన్నయ్య


ఏప్రిల్ 6

అన్నయ్యకి,

వదినకి నేనేం రాయలేదు. ఆవిడకి కళ్ళున్నాయి, చాలు.

అడ్డదారా? సరే. అయితే మొత్తం దారి పరిగెత్తుతాను. సరస్సూ చదునూ ఎండా మలుపులూ అన్నీ. నీ నంబరు నాకక్కర్లేదు. కొత్తవాళ్ళకి ఏప్రిల్లో అర్హత పరుగు పెడతారు కదా, దానికి పేరు ఇచ్చేశాను. చెప్పుల షాపాయన్నే అడిగాను, నువ్వు అడగమన్నావుగా. ఫోనులో నా గొంతు గుర్తుపట్టి, "మీరేనా! ఇన్నాళ్ళకి!" అన్నాడు. ఆయనకి తెలుసు, అన్నయ్యా. క్వారీ బల్ల దగ్గర ఏటా ఆయనే కదా ఉండేది. నేను వాగులోంచి పైకి రావడం చూస్తూనే ఉన్నాడు. నువ్వు పంపుతున్నావనుకున్నాడట.

ఈ ఊరు ఇస్త్రీ బల్లలా చదునుగా ఉంటుంది. కొండ మాట దేవుడెరుగు, దిబ్బ కూడా లేదు. అందుకని తెల్లారగానే కాలువ గట్టు మీద పరుగు. మీ బావ సైకిలేసుకుని వెనకాలే వస్తారు, నాకన్నా ఎక్కువ రొప్పుతూ. మొన్న వానలో గట్టంతా బురద, సైకిలు జారి ఆయన కాలువలోకి దిగారు. పడ్డారనకూడదట, దిగారనాలి. మధ్యాహ్నం తిండి విరామంలో ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగుతున్నాను. లిఫ్టు దగ్గర నిలబడ్డ నర్సులు మొదట్లో నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఒకామె నాతో పాటు ఎక్కుతోంది. సెలవు రోజున నదిలో ఈత. నీళ్ళు ఇంకా గడ్డకట్టినంత చల్లగా ఉన్నాయి, దిగగానే నీ మీద కోపం గుర్తు తెచ్చుకుంటాను, వెచ్చగా అయిపోతుంది.

చదునులో నేను సరిగ్గా పరిగెత్తలేకపోతున్నానని మాత్రం ఒప్పుకుంటాను. నా కాళ్ళకి ఎక్కడమే అలవాటు. గట్టు మీద పెంపుడు కుక్కల్ని తిప్పే ముసలివాళ్ళు కూడా నన్ను దాటిపోతున్నారు. అప్పుడు నీ మాట చెవిలో పడుతుంది, దూరం దూరమేనని. పళ్ళు కొరుక్కుని ఇంకొంచెం వెళ్తాను.

చెల్లెలు


ఏప్రిల్ 20

చెల్లాయికి,

ఒక విశేషం. అల్లుడు పరుగు మానుకున్నాడు. చీలమండ బెణికిందట. కొండ మీద కాదు, బూట్ల షాపులో ఇంకో జత బూట్లు వేసుకుని చూస్తుంటే బెణికింది. గడియారం ఆరు వారాలు విశ్రాంతి తీసుకోమందట. మీ వదిన వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని నవ్వింది.

కాబట్టి నలభై ఒకటి ఖాళీగా ఉంది. కమిటీవాళ్ళని బతిమాలి, అతను ఒక్క అడుగు కూడా వెయ్యలేదు గనక ఇచ్చినట్టు లెక్కలోకి రాదని ఒప్పించాను. నీకు కావాలంటే తీసుకో. గోడ మీద చట్రంలో ఉన్నదే, విప్పి పంపుతాను. ఎలాగూ నీ మనసంతా దాని మీదే ఉంది. నీ పంతం నెగ్గిందనుకో. ఇంక ఈ గొడవ ఆపుదాం.

నీ అన్నయ్య

వదిన రాస్తున్నది: ఆయన కవరు అంటించేలోపు ఈ రెండు ముక్కలు. మీ అన్నయ్య ఈమధ్య రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని ఎక్కడికో వెళ్తున్నాడు. బురద కాళ్ళతో తిరిగొస్తున్నాడు. డాక్టరు చదునులోనే నడవమన్నాడు కదా అని అడిగితే కసురుకుంటున్నాడు. చేతుల నిండా గీతలు. నీకేమన్నా చెప్పాడా?


ఏప్రిల్ 26

అన్నయ్యకి,

అల్లుడు విడిచిన చొక్కా నాకు తొడుగుతావా?

మొదట్లోనే ఇచ్చి ఉంటే కళ్ళకద్దుకునేదాన్ని. ఇప్పుడు ఎవరికీ పనికిరాక మిగిలిపోయింది గనక, పారేయడానికి చేతులు రాక, "నీకు కావాలంటే తీసుకో". "నీ పంతం నెగ్గిందనుకో". ఎంత మాటన్నావు! పంతం కాదు అన్నయ్యా. నువ్వు ఒక్కసారి నన్ను చూసి "ఇది పరిగెత్తే మనిషి" అనుకోవాలని, అంతకన్నా ఏం కావాలి నాకు? అది కూడా బతిమాలి తీసుకోవాలా?

నీ నలభై ఒకటి గోడ మీదే ఉంచు. నాకు నా నంబరు వచ్చింది. మొన్న ఆదివారం అర్హత పరుగు పూర్తిచేశాను. నంబరెంతో చెప్పను. ఆ రోజు నేను నీ ఇంటికి రెండు వీధుల అవతలే ఉన్నాను. ఇంటికి రాలేదు. వద్దామని వీధి మలుపు దాకా వచ్చి, నీ గేటు చూసి వెనక్కి వెళ్ళిపోయాను. మీ బావ తిట్టారు. తిట్టనీ.

వదిన రాసింది చదివాను. పొద్దున్నే బురదలో నీకేం పని? నాకు అర్థం కాదనుకున్నావా? అల్లుడి చీలమండ మూడు రోజుల్లో బాగవుతుందిలే. అప్పటిదాకా అతనికి దారి చూసి పెడుతున్నావు, ఎక్కడ రాయి ఉంది, ఎక్కడ గుంట ఉంది అని. అతనికైతే మోకాలు లెక్కచెయ్యకుండా వెళ్తావు. పదేళ్ళు నేను ఎలా వస్తున్నానని ఒక్కసారి తలతిప్పి చూడలేకపోయావు.

పరుగు రోజున కొండకి నువ్వు రావద్దు. నాకు నీళ్ళు ఎవరూ ఇవ్వక్కర్లేదు. కమిటీ బల్ల మీద గ్లాసులు పెడతారు, అందరితో పాటు నేనూ తాగుతాను.

చెల్లెలు


మే 5

చెల్లాయికి,

రానులే. పిలవని చోటికి వెళ్ళే అలవాటు నాకు లేదు.

అల్లుడి గురించి రాసింది తప్పు. తప్పని మాత్రం చెబుతాను, ఒప్పేమిటో చెప్పను. నువ్వు నన్ను ఒక్కమాట అడగకుండానే తీర్పు చెప్పేశావు. నీకెంత నోరుందో నాకూ అంతే నోరుంది. కానీ ఈసారి మూసుకుంటున్నాను.

ఇంటి వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్ళావా? అంత కానివాడినయ్యానా నేను? ఈ ముక్క చదివి మీ వదిన ఏడ్చింది. నేను వర్క్‌షాపుకి వెళ్ళి ఒక కడ్డీ చెడగొట్టాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి.

ఒక్కటి అడుగుతున్నాను. చెప్పాలనుంటే చెప్పు, లేకపోతే లేదు. ఆ సీసాల్లో నీళ్ళల్లో ఏం కలిపేదానివి? ఊరికే అడుగుతున్నాను. ఇంటి దగ్గర తాగడానికి.

నీ అన్నయ్య


మే 25

అన్నయ్యకి,

నువ్వు అడిగినదానికి జవాబు రాయలేదు. రాయను కూడా. పదేళ్ళు తాగి, ఇప్పుడా అడగడం?

నిన్న పరుగు పూర్తిచేశాను. కమిటీ బోర్డు మీద నా పేరు ఎక్కింది, చదువుకో. గొప్ప పరుగేం కాదు. సరస్సు చుట్టూ జనమంతా నన్ను దాటుకుంటూ పోయారు, ఒకాయన పిల్లని బండిలో తోసుకుంటూ కూడా దాటాడు. చదునులో ఎండకి కళ్ళు బైర్లు కమ్మాయి. నువ్వు చెప్పింది నిజమే, దూరం దూరమే. కానీ ఎక్కడం మొదలయ్యాక చూడాల్సింది నువ్వు. నన్ను దాటినవాళ్ళందరూ ఒక్కొక్కరే నడుముల మీద చేతులేసుకుని కనిపించారు. అందర్నీ దాటాను. పిల్ల బండాయన్ని కూడా.

క్వారీ మలుపు తిరుగుతుంటే గుండె ఎంత కొట్టుకుందో! ఎక్కినందుకు కాదు. బల్ల పక్కన చూశాను. చెప్పుల షాపాయనున్నాడు, గ్లాసులున్నాయి. నువ్వు లేవు. సరే, మోకాలు బాగాలేదు, టవరు దగ్గరికి ఎవరన్నా తీసుకొచ్చి ఉంటారనుకున్నాను. ఎవరు తీసుకొస్తారు? పాలవ్యానా? టవరు దగ్గర కూడా లేవు. మైదానంలో మీ బావ తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు, వదిన నిలబడింది. నువ్వు లేవు. వదిన ఏదో చెప్పబోయింది, నేను వినలేదు. బస్సెక్కేశాను.

రావద్దన్నాను, నిజమే. రావద్దంటే నిజంగా మానేస్తావని నాకేం తెలుసు? ఇన్నేళ్ళలో నా మాట ఎప్పుడన్నా విన్నావా? తీరా వినాల్సొచ్చేసరికి ఇదే దొరికిందా వినడానికి?

క్వారీ దాటి పైకి ఎక్కుతుంటే కింద లోయలోంచి ఎవడో ఒకటే అరుపు. ఏమంటున్నాడో తెలియలేదు. పొద్దున్నే తాగేసి వచ్చాడనుకున్నాను. పక్కన పరిగెత్తే అమ్మాయి ఆగి చూసింది. నేను తల తిప్పలేదు. పరుగులో ఉన్నవాడికి ముందున్న పది అడుగులే కనబడతాయని నువ్వేగా రాశావు.

చెల్లెలు


మే 25

చెల్లాయికి,

నువ్వు బస్సెక్కి వెళ్ళిపోయావని మీ వదిన చెప్పింది. ఫోను ఎత్తవు. కాబట్టి కాలు ఎత్తి కుర్చీ మీద పెట్టుకుని, మీ వదిన మంచుగడ్డలు కడుతుంటే రాస్తున్నాను. డాక్టరు వచ్చి వెళ్ళాడు. ఆయన అన్న మాటలు రాయను, నీవే బాగున్నాయి.

ఆ వాగు దారే కాదు! మనుషులు ఎక్కే చోటు కాదు. మార్చిలో నీ ఉత్తరం చదివి, ఎంత ఏటవాలో చూద్దామని వెళ్ళాను. మొదటిరోజు ఆసుపత్రి గోడ దాటలేకపోయాను. రోజుకి కొంచెం కొంచెం ఎక్కాను. బురద అదే. అల్లుడూ లేడు, గిల్లుడూ లేడు. పరుగు రోజుకి క్వారీ దాకా వెళ్ళగలననుకున్నాను. వెళ్ళి, బల్ల పక్కన సీసా పట్టుకుని, ఏమీ జరగనట్టు నిలబడదామనుకున్నాను.

నిన్న చీకటి విడగానే బయల్దేరాను. తుపాకి నేను వాగులో ఉండగానే పేలింది. క్వారీకి కొంచెం కింద ఒక బండ ఉంది, దాన్ని ఎక్కాలంటే పైనుంచి వేలాడే వేరు పట్టుకోవాలి. నీకు తెలుసులే. నేను పట్టుకున్నాను. ఆ వేరు మిగతాచోటంతా గరుకుగా ఉంది, పట్టుకునేచోట మాత్రం నున్నగా ఉంది. నునుపు ఎలా వస్తుందో నాకు తెలుసు, బతుకంతా అదే పని చేశాను. ఊరికే రాదు. ఒకే చోట, ఒకే చెయ్యి, ఏళ్ళ తరబడి పడితే వస్తుంది. ఆ వేరు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. మోకాలు ఇంక ఎక్కనంది, నేనూ ఎక్కలేకపోయాను.

తలెత్తితే నువ్వు పైన మలుపులో కనిపించావు. పోల్చుకున్నాను. మోచెయ్యి ఒంటికి అదిమిపెట్టి పరిగెత్తుతావు, సంచి మోసే అలవాటు పోలేదు. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. "భుజాలు దించు!" అని అరిచాను. గొంతు పగిలేలా అరిచాను. అందరూ చూశారు, నువ్వు చూడలేదు.

నేను క్వారీ చేరేసరికి చెప్పుల షాపాయన బల్ల మడిచేస్తున్నాడు. "ఎవరికోసం?" అన్నాడు సీసా చూసి. ఆ నీళ్ళు నేనే తాగాను. ఉప్పు ఎక్కువైంది, నోట్లో పెట్టుకునేలా లేవు.

నాకు చాలా కోపంగా ఉంది. ఏటా ఆ బండ ఎక్కావా? వీపు మీద బరువేసుకుని? కాలు జారితే ఎవరు చూసేవాళ్ళు? నేను పైన రోడ్డు మీద నీళ్ళేవని విసుక్కుంటూ ఉండేవాణ్ణి. ఒక్కసారి చెబితే నీ సొమ్మేం పోయేది? తప్పయిందని రాయమంటోంది మీ వదిన. రాయను. ఆ మాట కాగితం మీద చాలా చిన్నగా కనబడుతుంది.

నలభై ఒకటి పక్కన గోడకి ఒక మేకు కొట్టాను. నీ నంబరు పంపితే పంపు. లేకపోతే మేకు ఊరికే ఉంటుంది.

నీ అన్నయ్య


మే 31

అన్నయ్యకి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది ఈపాటికి చదివే ఉంటావు. అరిచింది ఎవరనుకున్నానో కూడా. వెనక్కి తీసుకోను. అలాగే అరుస్తావు నువ్వు.

ఆపరేషనైన మోకాలితో ఆ వాగెక్కడానికి బుద్ధుందా? పడి ఉంటే? అక్కడ పడితే సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, సాధనలో ఒకసారి పడ్డాను. వదిన నిన్నేమీ అనలేక ఊరుకుని ఉంటుంది, ఆవిడ తరఫున కూడా నేనే తిడుతున్నాననుకో. నీ ఉత్తరం డ్యూటీలో చదివాను. ఇంకో దుప్పటి పాడైంది. సూపర్‌వైజరు ఈసారి చూడలేదు, కుర్చీ తెచ్చి వేశాడు.

నా నంబరు పంపను. అది నా గోడ మీద ఉంటుంది, నేను సంపాదించుకున్నది. ఆ మేకుకి నీ టోపీ తగిలించుకో.

సీసాకి చిటికెడు ఉప్పు, రెండు చెంచాల చక్కెర. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, చన్నీళ్ళయితే కడుపు పట్టేస్తుంది. బాగా గిలకొట్టు, చక్కెర అడుగున ఉండిపోతుంది.

వచ్చే ఏడు కూడా పరిగెత్తుతాను. క్వారీ దగ్గర నాకు దాహమవుతుంది. ఆ వాగులో మళ్ళీ అడుగుపెట్టావంటే మాత్రం నీ ముఖం చూడను.

పాలవ్యానులో రా.

చెల్లెలు